కాసున్నర బరువు

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవరాలు భోగి నాడు పొద్దున్నే నా చేతిలో ఒక చిన్న పెట్టె పెట్టింది. మూత తీస్తే లోపల మెత్తటి తోలు గూడు, ఆ గూట్లో ఒంటిచెవి హెడ్‌సెట్. వైరు లేదు. ‘అమ్మమ్మా, ఇది పాటలకి కాదు, ఫోన్లో మాట్లాడుకోవడానికే. నీకు కాక ఇంకెవరికి కొంటాను!’ అంది. ధర అడిగితే మాట దాటేసింది. బిల్లు పెట్టె అడుగునే ఉంది: 22 వేలు. 1974లో విజయవాడ ట్రంకు ఎక్స్చేంజిలో నేను ఆపరేటరుగా చేరినప్పుడు నా నెల జీతం 400 రూపాయలు దాటలేదు.

పండగ వెళ్లాక దాన్ని మా వీధి చివర బంగారప్పని చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లి తూకం వేయించాను. ముల్లు 12 గ్రాముల దగ్గర ఆగింది. ‘కాసున్నర, అమ్మా’ అన్నాడాయన. నలభై ఏళ్లు చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని బతికినదాన్ని. కాసున్నర అనగానే నా ఎడమ చెవి పైన, ఉక్కు పట్టీ ఒరుసుకుని జుట్టు పలచబడ్డ చోటికి చెయ్యి దానంతటదే వెళ్లింది.

నా మొదటి హెడ్‌సెట్ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. తల మీద ఉక్కు పట్టీ, ఎడమ చెవికి నల్లటి గుండ్రటి రిసీవరు. మెడలో పట్టీతో వేలాడి ఛాతీకి ఆనుకుని ఉండే బ్రెస్ట్ ప్లేటు, దాని మీంచి నోటికి ఎదురుగా కొమ్ములా లేచిన ట్రాన్స్‌మిటరు. కింద పొడుగాటి తాడు, తాడు చివర జంట ప్లగ్గు. ఆ ప్లగ్గు బోర్డులో గుచ్చితే డ్యూటీ ఎక్కినట్టు, లాగితే దిగినట్టు. జడలో కనకాంబరాలు పెట్టుకొస్తే పట్టీ కింద నలిగిపోయేవి. అందుకని మా సెక్షనులో ఆడపిల్లలందరం పూలు బాగా కిందికి, జడ మొదట్లో కాకుండా నడిమికి ముడుచుకునేవాళ్లం. బయటివాళ్లు అది కొత్త ఫ్యాషను అనుకునేవారు.

కూర్చోగానే మొదట చేసే పని ట్రాన్స్‌మిటరును గోటితో రెండుసార్లు తట్టడం. అందులో సన్నటి బొగ్గు రవ్వలుంటాయి. మాట గాలి తగిలి పలుచటి రేకు అదిరితే, ఆ రవ్వలు ఒకదానికొకటి ఒత్తుకుంటూ విడిపోతూ కరెంటును హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటాయి. మాట కరెంటుగా మారేది అక్కడే. తేమకో, వాడకానికో రవ్వలు గడ్డకట్టుకుంటే గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. తడితే విడిపోయేవి. బొగ్గుతో ట్రాన్స్‌మిటరు చెయ్యవచ్చని 1877లో ఎడిసన్ చూపిస్తే, మరుసటేడు ఇంగ్లండులో హన్నింగ్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు బొగ్గును రవ్వలుగా చేసి దాన్ని మెరుగుపరిచాడు. నేను చేరేనాటికి దాదాపు వందేళ్లు. అయినా మేం తడుతున్నది ఆ రవ్వల్నే.

హెడ్‌సెట్ పుట్టింది ఎవరి కోసమో ఈ రోజు దాన్ని కొనుక్కునేవాళ్లకు తెలియాలి. గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు వచ్చింది 1876 మార్చి 7న. రెండేళ్లు తిరక్కుండానే, 1878 జనవరి 28న, అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో మొదటి వాణిజ్య ఎక్స్చేంజి తెరిచారు. మొదట్లో బోర్డుల దగ్గర పెట్టింది టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లని. వాళ్లు చందాదారులతో దురుసుగా మాట్లాడేవారు, తిట్టేవారు, తమలో తాము కొట్టుకునేవారు. దాంతో బోస్టన్‌లో 1878 సెప్టెంబరు 1న ఎమ్మా నట్ అనే యువతిని పనిలో పెట్టుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఆవిడే. నెలకు 10 డాలర్లు ఇచ్చారు. ఆవిడ వెనకే ఆవిడ తోబుట్టువు స్టెల్లా చేరింది. మెత్తగా మాట్లాడటం, ఓర్చుకోవడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిందని కంపెనీలు అనుకున్నాయి. జీతం మగవాళ్ల కంటే తక్కువ ఇవ్వొచ్చన్న లెక్క కూడా వాటికి బాగానే తెలుసు.

ఇప్పుడు ఆపరేటరు పని ఆలోచించండి. దీపం వెలిగితే వెనక తాడు ఎత్తి జాక్‌లో గుచ్చాలి, నంబరు అడగాలి, ముందు తాడు అవతలి జాక్‌లో గుచ్చాలి, గంట మోగించాలి, టికెట్ రాయాలి. దీనికి రెండు చేతులూ చాలవు. అందులో ఒకటి రిసీవరు పట్టుకోడానికే పోతే పని నడవదు. 1880ల మొదట్లో ఎజ్రా గిల్లిలాండ్ అనే ఇంజనీరు ఆపరేటర్ల భుజాల మీద మోసేలా ఒక సాధనం చేశాడు. చెవికి రిసీవరు, నోటికి ట్రాన్స్‌మిటరు. చేతులు ఖాళీ అయ్యాయి. బరువు మాత్రం కిలోల్లో. కావడి మోసినట్టు దాన్ని మోస్తూ ఆ అమ్మాయిలు ఒక పూటంతా మాట్లాడేవారు. హెడ్‌సెట్ అనే వస్తువుకు మూలం ఇదే. అది పుట్టింది షోకుకు కాదు, కష్టం చేసే ఆడదాని చేతులు ఖాళీగా ఉండాలని.

మన దేశానికి ఎక్స్చేంజి వచ్చింది 1882 జనవరి 28న. ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో తెరిచింది. కలకత్తాలో మొదట చేరిన చందాదారులు 93 మంది. తర్వాత చాలా ఏళ్లు ఈ నగరాల బోర్డుల దగ్గర ఎక్కువగా కనిపించింది ఆంగ్లో ఇండియన్ యువతులు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు, ఇల్లు దాటి ఉద్యోగానికి వెళ్లడాన్ని తప్పుపట్టని కుటుంబాల వాళ్లు. చీర కట్టుకున్న ఆపరేటర్లు వాళ్ల పక్క కుర్చీల్లోకి చేరడానికి మరికొంత కాలం పట్టింది. నాకు పని నేర్పిన పెద్దావిడ మద్రాసులో ఒక ఆంగ్లో ఇండియన్ సూపర్‌వైజరు దగ్గర నేర్చుకుంది. ‘నవ్వుతూ మాట్లాడు. నీ మొహం వాళ్లకి కనపడదు గానీ నవ్వు వినపడుతుంది’ అనేది. ఆ మాట ఆవిడకు ఆ సూపర్‌వైజరు చెప్పిందట. నేను నా తర్వాతి వాళ్లకు చెప్పాను.

హెడ్‌సెట్ బరువు తగ్గిన ప్రతిసారీ దాని వెనక ఎవరిదో ఒక అవసరం ఉంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో కూర్చుని రెండు చెవుల హెడ్‌ఫోను తయారుచేశాడు. 1910లో అమెరికా నౌకాదళానికి ఊదా సిరాతో ఉత్తరం రాసి, తన హెడ్‌ఫోన్లు పరీక్షకు పంపాడు. వైర్‌లెస్ సంకేతాలు వినే నావికులకు అంత స్పష్టంగా వినిపించిన సాధనం అంతకుముందు లేదు. నౌకాదళం ఆర్డరిస్తే ఒక్కసారి పది మాత్రమే చేయగలనన్నాడు. వంటిల్లు అంతే కదా మరి.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో ఉన్న అమెరికా సైన్యానికి ఇంగ్లీషూ ఫ్రెంచీ రెండూ వచ్చిన ఆపరేటర్లు కావలసి వచ్చారు. 1918లో 223 మంది ఆడవాళ్లు సముద్రం దాటి వెళ్లారు. ‘హలో గర్ల్స్’ అన్నది వాళ్లనే. మొదటి బృందానికి నాయకురాలు గ్రేస్ బ్యాంకర్. యుద్ధరంగానికి దగ్గర్లో, ఫిరంగుల మోత మధ్య, తలకు హెడ్‌సెట్లు పెట్టుకుని సేనాధిపతుల ఆజ్ఞలు కలిపారు. యుద్ధం ముగిసి ఇంటికొచ్చాక ‘మీరు సైనికులు కారు, సివిలియన్ ఉద్యోగులు’ అన్నారు. వాళ్లను మాజీ సైనికులుగా చట్టం గుర్తించింది 1977లో. అప్పటికి వాళ్లలో చాలామంది లేరు. ఈ సంగతి చదివినప్పుడల్లా నా కళ్లు తడుస్తాయి, ఎందుకంటే ఆ 1977 నాకు మరోలా గుర్తు.

ఆ సంవత్సరం నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజు. నాది సాయంత్రం డ్యూటీ. గాలివానలో ఇంటికి వెళ్లే దారి లేక రాత్రంతా బోర్డు దగ్గరే ఉండిపోయాను. అవనిగడ్డ వైపు లైన్లు ఒక్కొక్కటే పోతుంటే చెవిలో తెలిసింది. బతికున్న లైనులో ఎప్పుడూ సన్నటి రొద ఒకటి ఉంటుంది. అది ఆగిపోతే ఇక తాడు గుచ్చి లాభం లేదు. తెల్లవారేసరికి బోర్డు నిండా దీపాలే. అందరూ అడిగేది ఆ ఊళ్లే. మామూలు కాల్, దానికి రెట్టింపు రేటుతో అర్జెంటు కాల్, అన్నిటికన్నా ఖరీదైన లైట్నింగ్ కాల్, ఏది బుక్ చేసుకున్నా మేం చెప్పగలిగింది ఒక్కటే: ‘లైను లేదండి.’ ఆ తర్వాతి వారం, లైన్లు కొద్దికొద్దిగా తిరిగి వచ్చాక, ఈ చెవితో నేను విన్నవి ఎన్నో. అవి రాయను. చేరిన రోజున విన్నది బయట చెప్పనని మాట ఇచ్చాం. ఉద్యోగం పోయినా మాట పోలేదు.

మా పనిని తీసేసే యంత్రం మేం పుట్టక ముందే పుట్టింది. కాన్సాస్ సిటీలో శవపేటికల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రోజర్ తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీదారుకు కలుపుతోందని అనుమానించి ఆటోమాటిక్ ఎక్స్చేంజి కనిపెట్టాడంటారు. దాని పేటెంటు 1891 నాటిది. మన దేశంలో మొదటి ఆటోమాటిక్ ఎక్స్చేంజి 1913-14లో సిమ్లాలో పెట్టారు, 700 లైన్లతో. ఆపరేటరు లేకుండా ఊరికీ ఊరికీ నేరుగా డయల్ చేసే ఎస్టీడీ 1960 నవంబరు 26న కాన్పూరు లక్నోల మధ్య మొదలైంది. అది మన జిల్లాల్లో ఒక్కో ఊరికీ పాకుతుంటే మా బోర్డు మీద ఒక్కో దీపం వెలగడం మానేసింది. వీధికొక పసుపురంగు బూతు వెలిసేసరికి నన్ను 197 ఎంక్వయిరీకి మార్చారు. అక్కడా హెడ్‌సెట్టే. కాకపోతే తేలికది. బ్రెస్ట్ ప్లేటు పోయి, నోటి దగ్గరికి సన్నటి పుల్ల లాంటి మైకు వచ్చింది.

ఆ పుల్ల కథ ఆకాశంలో మొదలైంది. కోర్ట్నీ గ్రాహం, కీత్ లార్కిన్ అనే ఇద్దరు విమాన పైలట్లు కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో 1961లో ప్లాంట్రానిక్స్ కంపెనీ పెట్టారు. అప్పట్లో పైలట్ల తలల మీద ఉండే హెడ్‌సెట్లు మా బ్రెస్ట్ ప్లేటుకు ఏమాత్రం తీసిపోని బరువు. వీళ్లు చేసిన తేలికపాటి సెట్టు పైలట్లకు నచ్చింది. 1962 అక్టోబరులో వాలీ షిర్రా రోదసిలోకి వెళ్లినప్పుడు దాన్నుంచి పుట్టిన సెట్టే వెంట వెళ్లింది. 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీంచి మాట్లాడిందీ ఆ కంపెనీ హెడ్‌సెట్‌లోంచే. అదే రకం తర్వాత ఆపరేటర్ల చెవులకు దిగింది.

మిగిలిన బరువు తాడుది. దాన్ని తెంచే పని 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో, ఎరిక్సన్ కంపెనీలో, యాప్ హార్ట్‌సెన్ అనే డచ్చి ఇంజనీరు చేతికి వచ్చింది. ఫోనుకూ హెడ్‌సెట్‌కూ మధ్య వైరు తీసేయడం ఆ పనిలో ముఖ్యమైన లక్ష్యం. 1998లో అయిదు కంపెనీలు కలిసి దాన్ని అందరికీ ఒకే పద్ధతి చేశాయి. పదో శతాబ్దంలో డెన్మార్కు తెగల్ని ఏకం చేసిన హరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరు పెట్టారు. ఇంటెల్‌లో పనిచేసే జిమ్ కార్డాక్ సూచించిన పేరు అది. బ్లూటూత్ పనిచేసే తీరు తెలిశాక నాకు మా బోర్డే గుర్తొచ్చింది. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి, పక్కింటివాళ్ల పరికరాలు, అన్నీ అదే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో తోసుకుంటుంటాయి. అందుకని బ్లూటూత్ ఆ దారిని 79 పాయలుగా చేసి, సెకనుకు 1,600 సార్లు ఒక పాయ నుంచి మరో పాయకు గెంతుతుంది. అంటే మా లెక్కన ఒక కాల్‌కి ఇచ్చే మూడు నిమిషాల్లో 2,88,000 సార్లు తాడు పీకి మరో జాక్‌లో గుచ్చినట్టు. చేతివాటం బాగా ఉన్న రోజున మా సెక్షను మొత్తం కలిసి గుచ్చిన తాళ్లు అందులో వందో వంతు కూడా ఉండవు. ఇలా తరంగాలు మార్చుకుంటూ సందేశం పంపే ఒక పద్ధతికి 1942లోనే పేటెంటు తీసుకున్నవాళ్లలో ఒకరు సినిమా నటి, వియన్నా ఆడపడుచు హెడీ లమార్. సంగీతకారుడు జార్జ్ యాంథీల్‌తో కలిసి ఆవిడ ఊహించిన పద్ధతిలో పియానో మెట్లకు సరిగ్గా సరిపడా 88 పాయలున్నాయి.

ఇక మనవరాలిచ్చిన హెడ్‌సెట్ పరీక్ష. నేను పాటలు వినే మనిషిని కాను. నాకు తెలిసింది లైన్ టెస్టు. గుడివాడలో మా పాత సెక్షను అక్క ఒకావిడ ఉంది, నాకంటే ఆరేళ్లు సీనియరు. ఆవిడ చెవి లాంటి చెవి మా ఎక్స్చేంజిలో మరొకటి లేదు. ఫోను కలిపి, ఆ రోజుల్లో లైను బాగోగులు తేల్చుకోడానికి మేం వాడిన మాటలే చెప్పాను: పాప, బాబు, తాత, దాదా. పాత ట్రంకు లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనినే మోసేది. పై ధ్వనులు రాలిపోయేవి. ‘స’కూ ‘ఫ’కూ తేడా తెలిసేది కాదు, ‘ప’ ‘బ’లు కలగలిసిపోయేవి. కాన్పు కబుర్లు వచ్చినప్పుడు అవతల వినపడక మధ్యలో మేమే అందుకుని చెప్పాల్సి వచ్చేది. అప్పుడు మమ్మల్ని కాపాడింది తెలుగు క్రియాపదమే. పాపో బాబో తేలకపోయినా ‘పుట్టింది’ అంటే ఆడపిల్ల, ‘పుట్టాడు’ అంటే మగపిల్లాడు. కొత్తగా చేరినవాళ్లకు మేం నేర్పిన మొదటి కిటుకు, వాక్యం చివరిదాకా ఆగి వినమని.

‘ఎలా ఉందక్కా?’ అన్నాను.

‘నాలుగూ నాలుగే. నువ్వు గుటక వేసింది కూడా వినపడిందే!’ అంది.

అక్కడితో ఆగలేదు. సాయంత్రం బీసెంట్ రోడ్డుకెళ్లాను. ఆటోల హారన్లు, చీరల దుకాణాల ముందు పిలుపులు, చెరుకురసం బండి గంటలు. మళ్లీ అక్కకే చేశాను. రెండు మాటలు మాట్లాడగానే, ‘పూజగదిలో ఉన్నావా ఏమిటే, చడీచప్పుడూ లేదు?’ అంది. దుకాణం మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. ఈ కాసున్నర వస్తువులో ఒకటి కాదు, మైకులు రెండు. ఒకటి నోటివైపు, ఇంకోటి బయటివైపు. రెండూ విన్నదాన్ని పోల్చి, బయటి గోలను తీసేసి, నా గొంతునే పంపుతుంది. నా చెవికి వచ్చే రొదను అణచడం మరో విద్య. 1978లో జూరిచ్ నుంచి వస్తున్న విమానంలో, ఇంజన్ల రొదలో హెడ్‌ఫోను సరిగా వినపడక, అమర్ బోస్ అనే ఇంజనీరు అక్కడికక్కడే దాని లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య యోధుడు. పైలట్ల కోసం ఆ హెడ్‌సెట్ మార్కెట్లోకి వచ్చింది 1989లో.

మూడో పరీక్ష ప్రకాశం బ్యారేజీ మీద. అక్కడ మాత్రం కృష్ణ గాలి గెలిచింది. ‘నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, ఇంటికెళ్లి చెయ్యి’ అంది అక్క. గాలి నేరుగా మైకు రంధ్రాన్ని కొడుతుంటే ఏ లెక్కలూ పూర్తిగా పనిచెయ్యవు. చెయ్యి అడ్డం పెడితే తేరుకుంది. తలకు పట్టీ లేదు, మూడు గంటలు పెట్టుకున్నా చెవి నొప్పి లేదు. పిడుగు పడితే పాత లైన్లలో చెవిలో టప్పున పేలేది, తల దిమ్మెక్కేది. దీంతో ఆ భయం లేదు. వస్తువు మంచిది. ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

అయితే దాన్ని విలాస వస్తువు అంటుంటే మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. గోలలోంచి ఒక గొంతును ఏరి, చెక్కుచెదరకుండా అవతలి చెవికి అందించడం మేం నలభై ఏళ్లు చేసిన పని. నా పాత హెడ్‌సెట్‌లో రెండో మైకు లేదు. ఆ పని నా బుర్ర చేసేది. 22 వేలు పోసి మనం కొంటున్నది ఎమ్మా నట్ నుంచి మా గుడివాడ అక్క దాకా వేల మంది ఆడవాళ్లు చెవులతో, మెడలతో నేర్చిన విద్యను. గిల్లిలాండ్ కావడి నుంచి కాసున్నర దాకా రాలిపోయిన ప్రతి గ్రామునూ ముందు వాళ్లే మోశారు.

ఆ విద్య ఇంకా కూలి పనిగానే బతికి ఉంది. మా మనవరాలు మాదాపూర్‌లో కాల్ సెంటరులో రాత్రి డ్యూటీ చేస్తుంది. దాని తలకూ హెడ్‌సెట్టే, దానికీ వెనక సూపర్‌వైజరే, మా టికెట్ల బదులు దాని ముందు కంప్యూటర్ తెర మీద సెకన్లు. ఎవరో తిట్టిన రాత్రి నాకు ఫోన్ చేసి కాసేపు ఊరికే ఉండిపోతుంది. మేమూ తిట్లు తిన్నాం. లైను తెగితే తిట్టు మాకు, కలిస్తే మెప్పు కంపెనీకి.

అందుకని ఈ వ్యాసం చదివినవారిని ఒక్కటి అడుగుతాను. మీకు గ్యాస్ బుకింగు నుంచో, ఆసుపత్రి నుంచో, బ్యాంకు నుంచో ఫోన్ వస్తే, అవతల ఒక చెవి పొద్దుట్నుంచి వింటూనే ఉందని గుర్తుంచుకోండి. విసుగొస్తే వద్దని చెప్పి పెట్టెయ్యండి, తప్పు లేదు. తిట్టకండి. పెట్టేసేముందు ‘ఉంటానమ్మా’ అనండి.